మామట్టుకు మేము విని: పిల్లల విశ్వాసం వాళ్ల సొంతమయ్యేలా పెంచడం ఎలా?

పిల్లవాడు పరలోక ప్రార్థన తడుముకోకుండా చెబుతాడు. పాటలన్నీ నోటికి వచ్చు. కంఠత వాక్యాల పోటీలో ప్రతిసారీ బహుమతి తెచ్చుకుంటాడు. ఆ పిల్లవాడే పెద్దవాడై చదువు కోసమో ఉద్యోగం కోసమో ఇల్లు దాటాక బైబిల్ ముట్టుకోకపోతే, లోపం ఎక్కడ జరిగిందో తల్లిదండ్రులకు అంతుపట్టదు. చాలా ఇళ్లలో పిల్లలకు వాక్యాలు వచ్చాయి, అలవాట్లు వచ్చాయి, విశ్వాసం మాత్రం అమ్మానాన్నల దగ్గరే ఉండిపోయింది.

యోహాను సువార్త 4వ అధ్యాయంలో సమరయ స్త్రీ మాట విని ఊరివాళ్లు యేసు దగ్గరికి వస్తారు. ఆయన వాళ్లతో రెండు రోజులు ఉంటాడు. ఆ తర్వాత వాళ్లు ఆమెతో, ఇక నీ మాటను బట్టి కాదు, "మామట్టుకు మేము విని" నమ్ముతున్నాం అంటారు. ఆమె చెప్పకపోతే వాళ్లు ఊరు దాటి వచ్చేవాళ్లే కాదు. అలాగని ఆమె చెప్పినదాని దగ్గరే ఆగిపోతే వాళ్లకంటూ విశ్వాసం ఉండేది కాదు. తల్లిదండ్రుల పని ఆ స్త్రీ చేసిన పనే: చూసింది చెప్పడం, ఆయన దగ్గరికి తీసుకురావడం, ఆపైన పక్కకు తప్పుకోవడం. మూడోది అన్నిటికన్నా కష్టం. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దాని గురించే.

ఒక సంగతి ముందే చెప్పాలి. విశ్వాసం దేవుని వరం. ఏ పద్ధతీ దాన్ని పిల్లల్లో తయారు చేయలేదు. అలాగని "పెద్దయ్యాక వాళ్లే తేల్చుకుంటారు" అని ఊరుకోవడం కూడా సరికాదు. ఏమీ చూపించకపోతే పిల్లలు దేన్ని గురించి తేల్చుకుంటారు? న్యాయాధిపతుల గ్రంథం 2:10లో యెహోషువ తరం పోయాక యెహోవాను గానీ ఆయన చేసిన కార్యాలను గానీ ఎరగని తరం పుట్టిందని ఉంది. ఒక్క తరం చాలు.

1. ముందు మీ హృదయం

ద్వితీయోపదేశకాండము 6లో వరుస గమనించండి. "ఈ మాటలు నీ హృదయములో ఉండవలెను" అన్నాకే కుమారులకు నేర్పమనే ఆజ్ఞ వస్తుంది. మీ విశ్వాసం ఇంట్లో ఎలా ఉందో పిల్లలు మీ ఉపదేశం కన్నా ముందే చదివేస్తారు. డబ్బుకు ఇబ్బంది వచ్చినప్పుడు మీ ముఖం, గుడిలో ఒకరిని పలకరించి ఇంటికొచ్చాక వాళ్ల గురించి మీరు మాట్లాడే తీరు, కోపం వచ్చినప్పుడు మీ నోట వచ్చే మాటలు, ఇవన్నీ వాళ్లకు పాఠాలే.

అందుకే నేను ఏ తల్లిదండ్రులకైనా మొదట చెప్పేది ఒకటే: తప్పు చేసినప్పుడు పిల్లల దగ్గర క్షమాపణ అడగండి. "నిన్న నీ మీద అనవసరంగా అరిచాను నాన్నా, అది తప్పు, నన్ను క్షమించు." తర్వాత అదే సంగతి పిల్లల ఎదుటే ప్రార్థనలో ఒప్పుకోండి. పాపం, క్షమాపణ, కృప అనే మాటలు పిల్లలకు అర్థం కావడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు తెలియదు. ఎన్నడూ తప్పు ఒప్పుకోని నాన్న చెప్పే కృప గురించి పిల్లలకు నమ్మకం కుదరదు.

ఇంట్లో మీరొక్కరే విశ్వాసి అయితే నిరాశపడకండి. పౌలు శిష్యుడు తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. అతనిలోని విశ్వాసం మొదట అవ్వ లోయిలోనూ తల్లి యునీకేలోనూ ఉందని పౌలు రాశాడు. పసితనం నుంచి అతనికి లేఖనాలు తెలుసు.

2. రోజూ కొద్దిసేపు, అందరూ కలిసి

కుటుంబ ప్రార్థన ఎంత పొడవుగా ఉంటే అంత మంచిదని అనుకునే ఇళ్లలో పిల్లలు దాన్ని భరించడం నేర్చుకుంటారు. చిన్నపిల్లలున్న ఇంట్లో పది నిమిషాలు చాలు. మానకుండా జరగడం ముఖ్యం.

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. నాలుగు సువార్తల్లో అదే చిన్నది, పదహారు అధ్యాయాలు. సంఘటనలు వేగంగా సాగుతాయి. రోజుకు ఒక్క సంఘటన చదవండి. పిల్లలకు ఏ తెలుగు అర్థమవుతుందో, ఏ భాషలో వాళ్లు ఆలోచిస్తారో ఆ అనువాదమే చదవండి. పాత అనువాదంలోని మాటల అందం తర్వాత తెలుస్తుంది. చదివాక రెండే ప్రశ్నలు: ఇందులో యేసు ఎలాంటివాడని నీకు అనిపించింది? నీకు అర్థం కానిది ఏమిటి? రెండో ప్రశ్న తప్పకుండా అడగండి. అర్థం కాలేదని చెప్పడం తప్పు కాదని పిల్లలు నేర్చుకునేది అక్కడే. చివర్లో ఒక్కొక్కరు ఒక్కో వాక్యం ప్రార్థన చేస్తే సరిపోతుంది.

ప్రార్థన సమయాన్ని చీవాట్ల సమయం చేయకండి. "ప్రభువా, ఈ పిల్ల ఈరోజు అబద్ధం చెప్పింది, దీనికి బుద్ధి ఇవ్వు" అని పిల్ల వినేలా ప్రార్థించడం దేవునితో మాట్లాడటం కాదు. ఆ పిల్లకు తెలుసు అది తనకే అని. అలాగే దేవుణ్ణి బూచిని చేయకండి. "అలా చేస్తే కళ్లు పోతాయి", "దేవుడు చూస్తున్నాడు, శిక్షిస్తాడు" అని బెదిరిస్తే ఆ పూటకు అల్లరి ఆగుతుంది, పిల్లల మనసులో దేవుడు మాత్రం తప్పించుకు తిరగవలసినవాడిగా స్థిరపడిపోతాడు. క్రమశిక్షణ మీ బాధ్యత. దాన్ని మీ పేరు మీదే చేయండి.

పిల్లలు చదవడం నేర్చాక చదివే పని వాళ్లకివ్వండి. ఇంకొంచెం ఎదిగాక వారానికి ఒక రోజు నడిపించే పని కూడా ఇచ్చేయండి. ఏ పాట పాడాలో, ఏం చదవాలో వాళ్లే చెబుతారు. పాట మరీ చిన్నపిల్లలదైనా మీరూ గొంతెత్తి పాడండి.

3. కథల్ని నీతికథలు చేయకండి

దావీదు గొల్యాతు కథ చెప్పి "నువ్వూ ధైర్యంగా ఉండాలి" అని, దానియేలు కథ చెప్పి "నువ్వూ మంచి పిల్లాడివి కావాలి" అని ముగిస్తూ పోతే, బైబిల్ అంటే మంచిగా ఉండమని చెప్పే పుస్తకం అని పిల్లలు తీర్మానించుకుంటారు. మంచిగా ఉండలేకపోయిన రోజున ఆ పుస్తకంలో తమకు చోటు లేదనుకుంటారు. ప్రతి కథలో దేవుడు ఏం చేశాడో ముందు అడగండి. అబ్రాహాము అబద్ధమాడాడు, మోషే మనిషిని చంపాడు, పేతురు ప్రభువును ఎరగనని అన్నాడు. వయసుకు తగినట్టు అవి కూడా చెప్పండి. వాళ్లను విడిచిపెట్టని దేవుడి కథ అది.

కంఠత వాక్యాలు మంచివే. 23వ కీర్తనలో ఉన్నవి ఆరు వచనాలే. పిల్లలు వారానికో వచనం చొప్పున ఇట్టే నేర్చేస్తారు, జీవితమంతా అది తోడుంటుంది. ప్రశ్న జవాబుల పద్ధతీ పాతదే. జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి ఇంటి పెద్ద తన ఇంట్లోవాళ్లకు నేర్పడానికి ఉద్దేశించినది. 1647 నాటి వెస్ట్‌మినిస్టర్ చిన్న ప్రశ్నోత్తరిలో 107 ప్రశ్నలున్నాయి. వీటిని వాడుకోండి. అయితే ప్రతి వచనాన్నీ, ప్రతి జవాబునూ పిల్లలు సొంత మాటల్లో చెప్పేవరకు ఆగండి. "నీ చిన్న తమ్ముడికి ఇది ఎలా చెబుతావు?" అని అడిగితే వాళ్లకు ఎంత అర్థమైందో తెలిసిపోతుంది.

4. ఒంటరిగా ప్రార్థించడం

నన్నడిగితే విశ్వాసం సొంతమయ్యే చోటు ఇదే. సమూయేలు కథ చూడండి. పిల్లవాడు మందిరంలోనే పడుకుంటున్నాడు, అక్కడే పరిచర్య చేస్తున్నాడు, అయినా "సమూయేలు అప్పటికి యెహోవాను ఎరుగకుండెను" అని 1 సమూయేలు 3:7 స్పష్టంగా చెబుతుంది. మందిరంలో పెరగడం వేరు, ఆయనను ఎరగడం వేరు. దేవుని పిలుపు వినిపించిన ప్రతిసారీ పిల్లవాడు యాజకుడైన ఏలీ దగ్గరికే పరిగెత్తాడు. మన పిల్లలకూ మొదట దేవుని గొంతు మన గొంతు లాగే వినిపిస్తుంది. ఏలీ ఎన్నో లోపాలున్న మనిషి. అయినా ఆ రాత్రి సరైన పని చేశాడు. ఆయన సమూయేలు తరఫున వినలేదు, పక్కన కూర్చోలేదు. ఏమని బదులివ్వాలో నేర్పి, వెళ్లి పడుకోమని పంపేశాడు.

ఆచరణలో ఇది మెల్లగా జరగాలి. ముందు మీరు చెప్పింది పిల్లలు తిరిగి చెబుతారు. తర్వాత మూడు మాటలు నేర్పండి: ధన్యవాదం, క్షమించు, సహాయం చేయి. వీటి కింద ఆ రోజు జరిగినవి వాళ్లే చెప్పుకుంటారు. ఎనిమిది తొమ్మిదేళ్లు వచ్చాక రాత్రి పడుకునేముందు రెండు నిమిషాలు వాళ్లను ఒంటరిగా వదిలి గది బయటికి వచ్చేయండి. ఏం ప్రార్థించావని అడగకండి. తలుపు వేసుకుని రహస్యమందున్న తండ్రికి ప్రార్థించమని ప్రభువు చెప్పిన మాట పిల్లలకూ వర్తిస్తుంది. ప్రార్థనలు రాసుకునే నోటుపుస్తకం కొనిస్తే అది వాళ్లదే. తెరిచి చూడకండి.

జవాబు రాని ప్రార్థన ఎలాగూ ఎదురవుతుంది. అమ్మమ్మ బతకాలని పిల్ల రోజూ మోకాళ్లూనింది, అమ్మమ్మ పోయింది. ఆ క్షణాన "దేవునికి అంతకన్నా మంచి ప్రణాళిక ఉంది" అని వివరణ ఇవ్వకండి. పిల్లతో కలిసి ఏడవండి. "యెహోవా, ఎంతకాలము?" అని మొదలయ్యే 13వ కీర్తన చదవండి. దేవునితో అలా మాట్లాడవచ్చని బైబిలే చెబుతోందని ఆ పిల్లకు తెలియాలి. సిలువకు ముందు గెత్సేమనే తోటలో శ్రమల గిన్నె తొలగించమని యేసే అడిగాడని, పౌలు తన శరీరంలోని ముల్లు గురించి మూడుసార్లు వేడుకున్నాడని తర్వాతెప్పుడైనా నెమ్మదిగా చెప్పవచ్చు.

5. ప్రశ్నలు వచ్చినప్పుడు

"అలా అడగకూడదు, పాపం." ఈ ఒక్క మాటతో ప్రశ్న ఆగిపోదు, మీ దగ్గరికి రావడం ఆగిపోతుంది. పిల్లలు దాన్ని ఇంకెవరినో అడుగుతారు. నిర్గమకాండము 12:26లో ఐగుప్తు నుంచి విడుదలను గుర్తుచేసే పస్కా పండుగ గురించి, యెహోషువ 4:6లో యొర్దాను నది నుంచి గుర్తుగా తెచ్చిన రాళ్ల గురించి చెప్పినప్పుడు, పిల్లలు ఇదేమిటని అడిగితే ఏం చెప్పాలో ఉంది. ప్రశ్న పుట్టడానికే ఆ రాళ్లు పెట్టారు. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ ప్రశ్నలు అడుగుతూ కనిపిస్తాడు.

ప్రశ్న రాగానే మొదట "మంచి ప్రశ్న అడిగావు" అనండి, నిజంగానే అనండి. తర్వాత "నీకు ఈ ఆలోచన ఎలా వచ్చింది?" అని అడగండి. "నరకం నిజమేనా?" అని అడిగే పిల్ల మనసులో చనిపోయిన స్నేహితురాలు ఉండవచ్చు. అది తెలియకుండా సిద్ధాంతం చెబితే గాయం మీద కొట్టినట్టవుతుంది. తెలిసింది చెప్పండి. తెలియకపోతే "నాకు తెలియదు, కలిసి వెతుకుదాం" అనండి. మాట ఇచ్చాక వారంలోపు తప్పక మళ్లీ ఆ విషయం ఎత్తండి. మరిచిపోతే వాళ్ల ప్రశ్నకు విలువ లేదని చెప్పినట్టే.

కొన్ని ప్రశ్నలు దాదాపు ప్రతి ఇంటికీ వస్తాయి.

సైన్స్, సృష్టి: ఆదికాండము మొదటి అధ్యాయంలోని దినాలను క్రైస్తవులందరూ ఒకేలా అర్థం చేసుకోలేదు. అవి మామూలు రోజులు కాకపోవచ్చని తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకుడు అగస్టీన్ ఆధునిక విజ్ఞానానికి శతాబ్దాల ముందే తర్కించాడు. వంశపారంపర్య సూత్రాలను 1866లో ప్రచురించిన గ్రెగర్ మెండెల్ మఠంలో జీవించిన సన్యాసి. విశ్వం ఒక ఆది బిందువు నుంచి విస్తరించిందన్న ఆలోచనను ముందుకు తెచ్చిన జార్జ్ లెమెట్ర్ కాథలిక్ గురువు. సైన్స్ ఇష్టపడే పిల్లలకు ఈ ఇద్దరి గురించి చెప్పండి. సైన్స్ పుస్తకమో బైబిలో ఏదో ఒకటే పట్టుకోవాలని వాళ్ల ముందు షరతు పెట్టకండి. మీ సంఘం బోధ ఏమిటో చెబుతూనే, ప్రభువును ప్రేమించేవాళ్లలో వేరే అభిప్రాయాలూ ఉన్నాయని నిజాయితీగా చెప్పండి.

యేసు నిజంగా లేచాడా: ఇది దాటవేయకూడని ప్రశ్న. ప్రభువును చూసినవాళ్ల జాబితా 1 కొరింథీయులకు 15లో పౌలు ఇచ్చాడు, వాళ్లలో ఐదువందలకు పైగా ఉన్న సహోదరుల్లో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని రాశాడు. కావాలంటే వెళ్లి అడగండి అన్నట్టుంటుంది ఆ మాట. క్రీస్తు లేవకపోతే మన విశ్వాసం వ్యర్థం అని కూడా అక్కడే ఉంది. పిల్లలకు ఆ అధ్యాయం చదివించండి.

వేరే మతాల స్నేహితులు: స్నేహితుడి ఇంటి నమ్మకాన్ని ఎగతాళి చేస్తూ జవాబు చెప్పకండి. యేసే మార్గమని మీరు నమ్ముతున్నదాన్ని దాచనక్కరలేదు. కానీ మన నిరీక్షణకు హేతువు చెప్పేటప్పుడు సాత్వికంతో చెప్పమని 1 పేతురు 3:15 ఆజ్ఞ. ఇతరులను చిన్నచూపు చూడటం నేర్చుకున్న పిల్లలు విశ్వాసం నేర్చుకున్నట్టు కాదు.

"నేను నమ్మలేకపోతున్నాను" అని పిల్లలు అన్న రోజున కంగారుపడకండి. యేసు లేచాడంటే శిష్యుడైన తోమా నమ్మను అన్నాడు. అయినా ఎనిమిది రోజుల తర్వాత శిష్యులు కూడుకున్నప్పుడు వాళ్ల మధ్యే ఉన్నాడని యోహాను 20:26 చెబుతుంది. మిగతావాళ్లు అతన్ని వెలివేయలేదు, అందుకే ప్రభువు వచ్చినప్పుడు అతను అక్కడున్నాడు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అని మార్కు 9లో ఒక తండ్రి వేసిన కేక కూడా ప్రార్థనే. యేసు దాన్ని తోసిపుచ్చలేదు.

6. సంఘంలో చోటు, పని

రాబర్ట్ రైక్స్ 1780లో ఇంగ్లండ్‌లోని గ్లౌస్టర్‌లో సండే స్కూల్ మొదలుపెట్టింది వారమంతా పనికి వెళ్లే పేద పిల్లల కోసం, చదువు నేర్పడానికి. విశ్వాసుల ఇళ్లలో తల్లిదండ్రుల బాధ్యతను తీసేసుకోవడానికి కాదు. పిల్లల్ని సండే స్కూల్లో వదిలేస్తే ఆత్మీయ శిక్షణ అయిపోయినట్టు భావించవద్దు.

సంఘం మాత్రం తప్పనిసరిగా కావాలి. అమ్మానాన్నలు కాని పెద్దవాళ్లు, తమ పేరు పెట్టి పిలిచేవాళ్లు, తమ పరీక్షల గురించి ప్రార్థించేవాళ్లు పిల్లల జీవితంలో ఉండాలి. పదమూడేళ్ల పిల్ల మీకు చెప్పనివి వాళ్లకు చెబుతుంది. ఒకరిద్దరు పెద్దలు తమ జీవితంలో దేవుడు చేసింది పిల్లలకు చెప్పేలా ఇంటికి పిలవండి. పిల్లలకు నిజమైన పనీ ఇవ్వండి: వాక్యం చదవడం, కుర్చీలు సర్దడం, వాద్యం వాయించడం, జబ్బుగా ఉన్నవాళ్లను చూడటానికి వెళ్లడం. వేదిక మీద ముద్దుగా నిలబెట్టి చప్పట్లు కొట్టడం పని కాదు.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. ఎంత భక్తిపరుడైనా సరే, ఏ పెద్ద మనిషీ పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. పిల్లలు ఎవరి గురించైనా ఇబ్బందిగా చెబితే ముందు నమ్మండి, సంఘం పరువు కోసం కప్పిపుచ్చకండి. చిన్నవాళ్లను అభ్యంతరపరచినవాడికి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో పడవేయడం మేలని అన్నది ప్రభువే.

7. బాప్తిస్మం, కన్ఫర్మేషన్

కొన్ని సంఘాలు పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చి, ఎదిగాక కన్ఫర్మేషన్‌లో వాళ్ల నోట ఒప్పుకోలు వింటాయి. కొన్ని ఒప్పుకోలు తర్వాతే బాప్తిస్మమిస్తాయి. 1525లో జ్యూరిచ్‌లో అనబాప్టిస్టులు అనే క్రైస్తవ బృందం పట్టుబట్టింది దీని మీదే. మీరు ఏ సంఘంవారైనా, తొందర పెట్టకండి. తోటివాళ్లందరూ తీసుకుంటున్నారనో, బంధువులు వచ్చే సమయమనో తేదీ ఖాయం చేయకండి. పిల్లలతో విడిగా కూర్చుని అడగండి: నీకు ఇది ఎందుకు కావాలి? యేసు నీకు ఎవరు? మేమెవరం లేకపోయినా ఇది నీకు కావాలా? మూడో ప్రశ్నకు తడబడితే పరవాలేదు, ఆరు నెలలు ఆగి మళ్లీ అడగండి. ఇలాంటి విషయాల్లో అక్కతో తమ్ముణ్ణి పోల్చడం మాత్రం వద్దు.

క్యాంపుల్లో చెయ్యెత్తి నిర్ణయం తీసుకున్న పిల్లలు ఇంటికొచ్చాక మామూలుగానే ఉంటే "నీ మారుమనస్సు ఇంతేనా?" అని దెప్పకండి. మొక్క నాటిన మర్నాడే కాయలు వెతకం కదా.

8. కౌమారంలో పగ్గాలు వదలడం

పన్నెండు పదమూడేళ్ల వరకు ఆదివారం ఆరాధనకు కుటుంబమంతా కలిసి వెళ్లాలని నియమం పెట్టుకోవడంలో తప్పు లేదని నా అభిప్రాయం. బడికి వెళ్లాలా వద్దా అని ఆ వయసు పిల్లల్ని అడగం. కానీ వ్యక్తిగత ధ్యానం మీద నిఘా పెట్టకండి. "ఈరోజు బైబిల్ చదివావా?" అనే రోజువారీ తనిఖీ అబద్ధాలు నేర్పుతుంది. దానికి బదులు మీరు చదివింది చెప్పండి: "ఈ ఉదయం ఈ వచనం దగ్గర ఆగిపోయాను, నీకేమనిపిస్తుంది?"

పదిహేను పదహారేళ్లకు యువజన కూటమికి వెళ్తావా, వేరే ఆరాధనకు వెళ్తావా అన్నది వాళ్లకు వదలండి. చేతి ఖర్చుల డబ్బులోంచి కానుక ఎంతివ్వాలో వాళ్లే నిర్ణయించుకోనివ్వండి. ఇవ్వకపోయినా అడగకండి. పరీక్షలో చూసి రాయమని స్నేహితులు ఒత్తిడి చేస్తున్నారని చెబితే, జవాబు మీరు ఇచ్చేయకుండా "ప్రభువు ఎదుట నీకేది సరి అనిపిస్తోంది?" అని అడిగి మౌనంగా ఉండండి. మనస్సాక్షి వాళ్లది, పని చేయనివ్వండి. "మీ పిల్లలకు కోపము రేపక" పెంచమని ఎఫెసీయులకు 6:4 చెప్పింది తండ్రులకే.

ఇల్లు వదిలి వెళ్లేముందు, కొత్త చోట రెండు మూడు సంఘాలు కలిసి చూసి రండి. ఎంపిక వాళ్లకే వదలండి. మొదటి నెలలోనే ఎవరైనా ఒక కుటుంబం వాళ్లను ఇంటికి పిలిచేలా ఏర్పాటు చేయగలిగితే అది చాలా మేలు చేస్తుంది.

9. తొలగిపోతే

"బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము" అనే సామెతలు 22:6ను పట్టుకుని, తొలగిపోయిన పిల్లల తల్లిదండ్రులను నిందించేవాళ్లున్నారు. అది జ్ఞానం చెప్పే సామెత. ప్రతి ఇంటికీ రాసిచ్చిన హామీ పత్రం కాదు. లూకా 15లోని తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి ఏ తప్పూ చేయకుండానే కొడుకును దూర దేశానికి పోగొట్టుకున్నాడు.

అగస్టీన్ యవ్వనంలో తల్లి మోనికా విశ్వాసాన్ని వదిలి మరో బోధ వెంట వెళ్లాడు. కొడుకుతో వాదించమని ఆమె ఒక బిషప్‌ను బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు వాదిస్తే వినడు, అతని కోసం ప్రార్థన చేస్తూ ఉండు, చదువుతూ చదువుతూ తప్పు తానే తెలుసుకుంటాడు అన్నాడు. ఆమె ఏళ్ల తరబడి ప్రార్థించింది. అగస్టీన్ 387లో మిలాన్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు.

ఆ బిషప్ చెప్పినట్టే చేయండి. ఫోన్ చేసిన ప్రతిసారీ ఆరాధనకు వెళ్లావా అని అడగకండి. వాళ్ల పని గురించి, స్నేహితుల గురించి అడగండి, వినండి. ఇంటికొస్తే కుటుంబ ప్రార్థన ఎప్పటిలాగే జరపండి, కూర్చోమని బలవంతం చేయకండి, లేచి వెళ్తే ముఖం మాడ్చకండి. మీరు వాళ్ల కోసం ప్రార్థిస్తున్నారని ఒక్కసారి చెప్పండి, ఇక ప్రార్థించండి. ఎప్పుడో ఒకనాడు వాళ్లే ఏదైనా అడుగుతారు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పండి, ఇన్నాళ్లు దాచుకున్నవన్నీ ఆ ఒక్కరోజే కుమ్మరించకండి. మళ్లీ అడగాలనిపించేలా ఉంటే చాలు.